శీతలనాథా, సూపర్‌చార్జరా!

దేవుణ్ణి నిలదీయడం మా కరీంనగర్ సీమకు కొత్త కాదు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో శేషప్ప కవి నరసింహస్వామిని ఎదుట కూచోబెట్టుకుని శతకం చెప్పాడు. చనువు ముదిరిన చోట మొహమాటం లేకుండా అడగాల్సినవన్నీ అడిగాడు. ఉగ్రమూర్తి ముందే నోరు కట్టుకోని నేల ఇది, నీ ముందు కట్టుకుంటుందా? అందుకని ఓ సూపర్‌చార్జరా, స్పోర్ట్స్ కారు ఇంజన్ నెత్తిన కొలువైన శీతలనాథా, ఈ నాలుగు మాటలూ నీ స్తుతికే. ఎక్కడైనా నిందలాగా వినిపిస్తే అది నా తప్పు కాదు, ఎండదెబ్బ అనుకో.

ముందుగా నీ వంశం. 1860లో అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ అనే ఊళ్లో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు నీ మూలపురుషుడికి పేటెంటు తెచ్చారు. ఎనిమిది అంకెలాంటి రెండు రోటర్లు, ఒకదాన్నొకటి తగలకుండా ఎదురెదురుగా తిరుగుతూ గాలిని ఇటునుంచి అటు తోస్తాయి. అంత చక్కని యంత్రానికి లోకం ఇచ్చిన ఉద్యోగం ఏమిటి? ఇనుము కరిగించే కొలుములకు గాలి కొట్టడం. నిప్పును రాజెయ్యడం మీ ఇంటి విద్య, తాతల నాటి వృత్తి. అలాంటి ఇంటి బిడ్డను తెచ్చి ఇంజన్ మీద గద్దె వేసి, "నాయనా, చల్లగా ఉండు" అని దీవించిన ఇంజనీర్ల గుండెధైర్యాన్ని ఎంత పొగిడినా తక్కువే.

నీ పూర్వీకుల్లో నిజం ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, పాపం. జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే ఇంజన్‌లోకి గాలి దట్టించే ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ వాళ్లు సూపర్‌చార్జర్ కార్లు నిలబెట్టారు. ఆ కార్లలో పెడల్‌ను అడుగంటా తొక్కితేనే నువ్వు మేల్కొనేవాడివి, అదీ కొద్దిసేపే. ఎక్కువసేపు వాడొద్దని కంపెనీయే చెప్పింది. ఎంత పాతకాలపు మనుషులో చూడు! ఇంజన్‌లో గుర్రాలు (హార్స్‌పవర్) ఎన్ని ఉన్నాయో చెప్పి, అవి ఎంతసేపు ఉంటాయో కూడా చెప్పారు. అమ్మకం తెలియని వాళ్లు. ఆ తర్వాత వచ్చినవాళ్లు మొదటి సగం ఉంచుకుని రెండో సగం మరిచారు, నువ్వు మహత్తు సంపాదించావు.

ఇంగ్లండులో డబ్ల్యూ.ఓ. బెంట్లీ అనే నాస్తికుడొకడు ఉండేవాడు. తన ఇంజన్‌కు నిన్ను తగిలించడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. బలం కావాలంటే ఇంజన్ పెద్దది చేసుకోవాలని ఆయన మతం. టిమ్ బిర్కిన్ అనే వీరభక్తుడు వినలేదు, డబ్బు పోగుచేసి నిన్ను రేడియేటర్ ముందు బహిరంగంగా ప్రతిష్ఠించాడు. 1930 లమాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో నిన్ను తగిలించుకున్న ఆ బ్లోయర్ బెంట్లీలు మెర్సిడెస్‌ను తరిమి తరిమి పరుగెత్తి, చివరిదాకా నిలవకుండా తప్పుకున్నాయి. గెలిచిందేమో నువ్వు లేని బెంట్లీ స్పీడ్ సిక్స్. ఓడిన బండ్లకే నేడు బొమ్మలు, పటాలు, పెయింటింగులు. గెలుపుతో పనిలేని కీర్తి దేవతల్లో కూడా అందరికీ దొరకదు స్వామీ.

ఇక నీ దానగుణం. గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిలుకు గాలి కొట్టి, పంపు అడుగు చేత్తో పట్టుకున్న పిల్లవాడికీ తెలుసు. నువ్వు చేసేది అదే పని, మరింత ఉదారంగా. బయట 30 డిగ్రీల గాలి ఉందనుకుందాం. దాన్ని 1.6 రెట్ల ఒత్తిడికి నొక్కావు, నీ సామర్థ్యం 65 శాతం. లెక్క వేస్తే ఆ గాలి దాదాపు 97 డిగ్రీలై బయటికొస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది గనుక, ఒత్తిడి 60 శాతం పెరిగినా సిలిండర్‌లోకి వెళ్లే గాలి మాత్రం 31 శాతమే ఎక్కువ. అరవై అని పలికి ముప్పై ఒకటి చేతిలో పెట్టి, మిగిలింది సెగ రూపంలో ప్రసాదిస్తావు. ఈ లెక్కను జగిత్యాలలో మే నెల మధ్యాహ్నానికి తీసుకెళ్లి 44 డిగ్రీల గాలితో మొదలుపెడితే, ఆ ప్రసాదం 114 డిగ్రీలకు చేరుతుంది. నీళ్లు మరిగే హద్దు దాటాక కూడా నిన్ను శీతలనాథుడు అనే పిలుస్తున్నాం, మా భక్తి అలాంటిది.

ఇంత దానం చేయడానికి నీకు ఖర్చేమీ లేదు. నీ కడుపు నింపేది ఇంజనే. క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టు వేయించుకుని, పదుల గుర్రాలు, పెద్ద ఇంజనైతే వంద దాకా ముందే నైవేద్యంగా పుచ్చుకుంటావు. ఇంజన్ సంపాదించిన దాంట్లోంచి తీసుకుని ఇంజన్‌కే వరమిచ్చి, "నా వల్లే బతికావు" అనిపించుకుంటావు. ఈ విద్య నీ దగ్గర నేర్చుకోవాలనుకునేవాళ్లు మా వైపు మండలానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకు కారు లేకపోయినా.

నీ వేడిని మోయడానికి నీకొక పరివారం ఉంది. ఇంటర్‌కూలర్ అనే సేవకుడు నీ ఊపిరిలోని సెగను తన నీళ్లలోకి తీసుకుంటాడు. ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఆ నీళ్లను ముందు గ్రిల్ దగ్గరున్న మరో రేడియేటర్‌కు తోస్తుంది. కానీ గ్రిల్ దగ్గర నిలబడింది అతనొక్కడే కాదు. చాలా కార్లలో ముందు ఏసీ కండెన్సర్, దాన్ని ఆనుకుని ఇంటర్‌కూలర్ రేడియేటర్, ఆ వెనక ఇంజన్ రేడియేటర్, పక్కల్లో ఎక్కడో ఆయిల్ కూలర్లు. బయటినుంచి వచ్చే గాలి ఒక్కటే, పంక్తిలో కూచున్నవాళ్లు ఎందరో. ముందువాడు తినగా మిగిలిన ఎంగిలి గాలే వెనకవాడి విస్తట్లో పడుతుంది. అందరికన్నా బరువు పని చేసే ఇంజన్ రేడియేటర్ అందరికన్నా వెనక కూచుంటుంది. ఏ ఆఫీసులో చూసినా కనిపించే ఈ మర్యాదను ఉక్కు, అల్యూమినియంలతో కట్టి చూపించినందుకు నీకు వేయి దండాలు.

నీ కొలువు చోటు కూడా గొప్ప తెలివితో ఎంచుకున్నదే. వీ8 ఇంజన్‌లో రెండు వరసల సిలిండర్ల మధ్య లోయ ఉంటుంది. అటొక కొలుము, ఇటొక కొలుము, నడుమ నీ గద్దె, పైన మూత వేసినట్టు బానెట్. ఇంజన్ ఆపేస్తే కూలెంట్ పారడం ఆగుతుంది, ఇనుములో నిలిచిన వేడి మెల్లగా నీలోకి ఎక్కుతుంది. కాసేపు ఆగి మళ్లీ స్టార్ట్ చేసినవాడు "చల్లారి ఉంటాడు స్వామి" అనుకుంటాడు. నువ్వేమో ఆపకముందు కంటే ఎక్కువ ఉడికి ఉంటావు. విశ్రాంతిలో కూడా కోపం పెంచుకోగల సాధన సామాన్యులకు అబ్బదు.

రోడ్డు మీద నీ గుణం బయటపడదు, అందుకే నిన్ను రోడ్డు మీద చూసినవాళ్లంతా భక్తులే. గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోవడానికి కారుకు కావలసింది మహా అయితే ఇరవై ముప్ఫై గుర్రాలు. మిగతా ఆరు వందలూ నీ లాయంలో నిద్రపోతాయి. రేసు ట్రాక్ మీద అలా కాదు. అక్కడ తొక్కిన పెడల్ తొక్కినట్టే, వేసిన బ్రేకు వేసినట్టే. ఇంజన్ 650 గుర్రాలు, అంటే సుమారు 485 కిలోవాట్లు, చక్రాలకు ఇస్తుంటే, అంతకు రెండింతలు వేడిగా బయట పారబోయాలి. సైలెన్సర్ కొంత తీసుకుపోతుంది, మిగిలింది నీళ్లు, నూనె మోయాలి. గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ మీద, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నిన్ను పరీక్షించబోయినవాడికి ఆ నిజం కొద్ది ల్యాపుల్లోనే తెలుస్తుంది.

అప్పుడు నీ మౌనవ్రతం మొదలవుతుంది. గాలి బాగా వేడెక్కితే సిలిండర్‌లో మిశ్రమం స్పార్క్ మంట తనదాకా వచ్చేవరకు ఆగకుండా తనంత తానే పేలుతుంది, పిస్టన్‌కు ముప్పు. అది చూసి ఈసీయూ అనే పూజారి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, స్పార్క్ టైమింగును వెనక్కి జరుపుతాడు, బలం తగ్గిస్తాడు. టైమింగ్ వెనక్కి జరిగితే సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పెరుగుతుంది, అది వేరే లీల. డ్రైవర్ పెడల్ మీద నిలబడి ఉంటాడు, కారు మాత్రం తన మానాన తను పోతుంటుంది. వెనకాల మామూలు ఇంజన్ కారువాడు హారన్ కొట్టకుండానే దాటిపోతాడు. ఆరు వందల యాభై గుర్రాల్ని ఒక్క డాష్‌బోర్డ్ దీపంతో సన్యాసంలో కలిపేసే మహిమ నీది. వైరాగ్యం బోధించడానికి మఠాలు వందల ఏళ్లు కష్టపడ్డాయి, నీకు పావుగంట చాలు.

నీ ఈ మహిమ కోర్టు దాకా వెళ్లింది. 2015 మోడల్ షెవర్లే కార్వెట్ జెడ్06 కారు, 6.2 లీటర్ల వీ8 ఇంజన్, దాని మీద 1.7 లీటర్ల సూపర్‌చార్జర్ రూపంలో నువ్వు, మొత్తం 650 గుర్రాలు. ట్రాక్ కోసమే పుట్టిన కారని చాటారు. ట్రాక్ మీదికి తీసుకెళ్లినవాళ్లు మాత్రం వేడెక్కి బలం తగ్గిపోతోందని మొత్తుకున్నారు. కంపెనీ వేడి పరీక్షలు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ గాలిలో జరిగాయని అప్పట్లో చెప్పుకున్నారు. మన లెక్కలో అది 30 డిగ్రీలు. 2017 మోడల్‌కు బానెట్ మీద గాలి బయటికిపోయే రంధ్రాలు పెద్దవి చేశారు, నీ నెత్తి మీద మూతా మార్చారు. అదే ఏడాది ఫ్లోరిడాలో ఫెడరల్ కోర్టులో కొందరు యజమానులు కలిసి దావా వేశారు. దేవుడి మీద దావా వేసిన భక్తుల కథలు మన పురాణాల్లో వెతకాలి, నీకైతే కేసు నంబరే ఉంది.

ఆ 30 డిగ్రీల అంకె విని రామగుండం నవ్వదా స్వామీ? మే నెలలో మా దగ్గర పాదరసం తెల్లవారుజామున ఆగే చోటు దాదాపు అది. మధ్యాహ్నం 45 దాటిందని వార్త రాకపోతే వేసవి ఇంకా రాలేదేమో అనుకుంటాం. నీ పరీక్ష ఆ వేడిలోనే జరగాలంటే మా దగ్గర రాత్రి మూడింటికి జరగాలి. చలికాలం ఒక్కటే నీకు అనుకూలం. ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ (యు) వైపు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి, నీ పాలిటి కైలాసం అదే. కాకపోతే అక్కడి రోడ్డు మీద నీ కారు కడుపు నేలకు తాకకుండా నాలుగు ఫర్లాంగులు పోతే అది రెండో మహిమ.

అయినా మా భక్తి తగ్గలేదు. ఈ దేశంలో నీ విగ్రహాలు దొరుకుతూనే వచ్చాయి. 2013లో జాగ్వార్ ఎఫ్-టైప్ నిన్ను నెత్తిన పెట్టుకుని భారతదేశానికి వచ్చింది. అలాంటి కారొకటి ఊళ్లోకి వస్తే ముందు కొండగట్టు అంజన్నకు చూపించాలి, నిమ్మకాయలు తొక్కించాలి, బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ గీయాలి. గ్రిల్‌కు బంతిపూల దండ అడ్డంగా కట్టాలి, గాలి పోయే దారి ఉన్నది అదొక్కటే గనుక. తర్వాత రాజీవ్ రహదారి మీదికి. సిద్దిపేట దాటాక ఒక సాఫీ ముక్క దొరికిందని పెడల్ తొక్కేలోపు ఊరు, ఊరికో స్పీడ్‌బ్రేకర్, స్పీడ్‌బ్రేకర్‌కో బర్రెల మంద. నీ ప్రతాపం పూర్తిగా కనిపించేది నాలుగు క్షణాలు, వినిపించేది మాత్రం నాలుగు ఊళ్లకు. ట్రాక్ లేని జిల్లాలో ట్రాక్ కారు కొన్నవాడి దూరదృష్టి నీ మహిమలో భాగమే. ట్రాక్ ఉంటే నీ గుట్టు తెలిసిపోయేది కదా.

పట్టుదలగల భక్తుడు నిన్ను నిజంగానే ట్రాక్‌కు తీసుకెళ్తే, నీ వ్రతవిధానం ఇది. సూర్యోదయ కాలంలో మొదటి సెషన్ పట్టాలి, మధ్యాహ్నం పూజ ఫలించదు. కూలెంట్, నీళ్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు కాకుండా కంపెనీ చెప్పిన పాళ్లలో నింపాలి. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ ఫోము పెట్టి మూయాలి, లేకపోతే గాలి ఫిన్నుల్లోంచి పోకుండా పక్కదారి పడుతుంది. ఇంటర్‌కూలర్‌కు పెద్ద రేడియేటర్, ఎక్కువ నీళ్లు పట్టే ట్యాంకు, బలమైన పంపు సమర్పించాలి. ఒక ల్యాపు గట్టిగా తోలి, ఒక ల్యాపు మెల్లగా తోలాలి. పిట్‌లోకి రాగానే ఇంజన్ ఆపకూడదు, ఫ్యాన్లు తిరుగుతుండగా బానెట్ ఎత్తి నిలబడాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ఒత్తిడి మీద నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణంలో మొహాన ఆవిరి అభిషేకం జరుగుతుంది.

వ్రతంలో అన్నిటికన్నా కఠినమైన నియమం ఇంకొకటి ఉంది. ఏసీ ఆపాలి. అది చాలకపోతే క్యాబిన్ హీటర్ పూర్తిగా తిప్పాలి. హీటర్ లోపల ఉన్నదీ చిన్న రేడియేటరే, ఇంజన్ నీళ్లలోని వేడిని కొంత అదీ లాగుతుంది, లాగినదంతా డ్రైవర్ మీద పోస్తుంది. కోటికి అటూ ఇటూ ధర పెట్టి, తోలు సీటు, తోలు స్టీరింగ్ కొనుక్కున్న మనిషి హెల్మెట్, చేతులకు తొడుగులు వేసుకుని, మండుటెండలో హీటర్ పెట్టుకుని కూచుంటాడు. కారు చల్లబడటానికి మనిషి ఉడకాలి. యజమాని ఎవరో, వాహనం ఎవరో ఇంత స్పష్టంగా తేల్చి చెప్పిన దేవుడు ఇంకొకడు లేడు.

ఇన్ని సేవలూ నీకెందుకు చేయాల్సొస్తోందో నీ జ్ఞాతుల్ని చూస్తే అర్థమవుతుంది. మా చొప్పదండి, గంగాధర చేలల్లో ఎండకాలం తిరిగే బోరు బండి మీద ఉన్న ఎయిర్ కంప్రెసర్ నీ పాలివాడే. ఒకదాన్లో ఒకటి ఇమిడి తిరిగే రెండు మరల రోటర్లు, గాలిని నొక్కే పని. నీ జాతిలోనే ట్విన్-స్క్రూ అనే శాఖ అచ్చం ఆ పద్ధతిదే. తేడా ఒక్కటి. వాడికి ఇరవై, ముప్పై వాతావరణాల ఒత్తిడి తేవాలని తెలుసు, తెస్తే ఎంత వేడి పుడుతుందో కూడా తెలుసు. అందుకే వాడి కడుపులోకి గాలితో పాటే నూనె చిమ్ముతారు. ఆ నూనె సెగను అక్కడికక్కడే పట్టుకుని బయటికొచ్చి, సెపరేటర్‌లో గాలి నుంచి విడిపోయి, కూలర్‌లో చల్లబడి మళ్లీ లోపలికి పోతుంది. వేడి హద్దు దాటితే బండి తనంతట తానే ఆగిపోతుంది, ఎంతమంది రైతులు నీళ్లు పడతాయని చుట్టూ చూస్తున్నా సరే.

ఆ బండి పక్కన ఒక్క పూట నిలబడితే సంగతి తెలుస్తుంది. తిరుచెంగోడు నుంచి వచ్చిన లారీ, కంప్రెసర్ పక్కన మనిషెత్తు కూలర్, దాని వెనక ఫ్యాను. రాతి పిండి తెల్లగా లేచి కూలర్ ఫిన్నుల మధ్య సిమెంటులా పట్టుకుంటుంది. రాడ్డు మార్చే సందులో ఒక కుర్రాడు గాలి పైపు తీసుకుని, ఫ్యాను వైపు నుంచి ముందుకు, దుమ్ము వచ్చిన దారినే వెనక్కి ఊదుతాడు. వాడికెవ్వరూ ఇంజనీరింగ్ చెప్పలేదు. ఫిన్ను మూసుకుపోతే బండి ఆగుతుందని, ఆగితే కూలి ఆగుతుందని తెలుసు, అంతే. ఆదిలాబాద్ పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకు వచ్చే ట్రాక్టర్ల రేడియేటర్ జాలీలకు పట్టిన దూదిని డ్రైవర్లు చేత్తోనే దులుపుకుంటారు. నీ భక్తుడు మాత్రం జాలీలో ఇరుక్కున్న మిడతను తీయడానికి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి వచ్చే వారానికి నంబరు తీసుకుంటాడు.

నీ చిన్నాన్న కొడుకు టర్బో ఉన్నాడు, వాడూ గాలి దట్టించేవాడే. కానీ బెల్టు మీద ఆధారపడకుండా సైలెన్సర్ వైపు వృథాగా పోయే పొగతోనే తిరుగుతాడు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ పాత రోడ్డు మీద బరువు లారీలు ఎక్కిన కాలంలో వాడి కష్టం చూడాల్సింది. డ్రైవర్ ఉష్ణోగ్రత ముల్లు మీద ఒక కన్నేసి, గేరు దించి, మలుపు మలుపుకూ ఓపిక పడతాడు. ముల్లు ఎర్ర గీత వైపు పోతే పక్కకు తీసి ఇంజన్ మెల్లగా తిరగనిస్తాడు, క్లీనర్ చక్రం వెనక రాయి పెట్టి నీళ్ల డబ్బా దించుతాడు. రామగుండం ఓపెన్‌కాస్టు గనుల్లో సింగరేణి డంపర్లూ అంతే. టర్బో, ఆఫ్టర్‌కూలర్, గుమ్మమంత రేడియేటర్. వేగం తక్కువ, బరువు ఎక్కువ, షిఫ్టు తర్వాత షిఫ్టు. వాళ్ల ఇంజన్ల మీద పోస్టర్లు ఎవరూ గోడకు అంటించుకోరు. నీకున్న అందం వాళ్లకు లేదు, అంత తీరికా లేదు.

ఇంకా పెద్దవాళ్ల సంగతి చెబుతా, ఏమనుకోకు. 1978 నవంబర్ 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ రామగుండంలో ఎన్టీపీసీ థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన చేశాడు. మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు, మొత్తం 2600 మెగావాట్లు. దానికీ నీలాగే పుట్టించిన కరెంటు కంటే పారబోయాల్సిన వేడే ఎక్కువ. కానీ వాళ్లు ముందు గోదావరిని చూసుకుని, పక్కనే బొగ్గును చూసుకుని, జలాశయం కట్టుకున్నాకే బాయిలర్ వెలిగించారు. ఆ జలాశయం ఎంత పెద్దదంటే 2022లో దాని మీద 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలు పరిచారు. వేడి ఎక్కడికి పోవాలో ముందే తేల్చుకోవడం సామాన్యుల పద్ధతి స్వామీ. నీది పెద్ద సంప్రదాయం, ముందు గుర్రాలు అచ్చువేయించి, తర్వాత బానెట్‌కు చిల్లులు పొడిపిస్తావు.

రేసుల దేవుడు తెలంగాణకు రాకపోలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది, ఫ్రాన్సు డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన రాష్ట్రం చూసిన ఆ ప్రపంచ స్థాయి కార్ల పందెంలో ఇంజనే లేదు, అన్నీ బ్యాటరీ బండ్లు. అక్కడా బ్యాటరీని చల్లగా ఉంచుకోకపోతే పందెం పోతుంది, కానీ ఆ సంగతి ముందే లెక్కలో వేసుకుని బరిలోకి దిగారు. నీ పేరు చెప్పి ప్రదర్శనశాలల్లో దండలు వేస్తారు, పందేనికి మాత్రం నిన్ను పిలవలేదు. నీ ప్రతిష్ఠ కాపాడటానికే పిలవలేదని మేం ఊరూరా చెప్పుకున్నాం.

చివరగా, స్తోత్రం చేసినవాడు వరం కోరుకోవాలి గనుక కోరుతున్నాను. చల్లదనం అడగను, అడిగి నిన్ను ఇబ్బంది పెట్టను. నీ బ్రోచరులో 650 గుర్రాలని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారో, దాని పక్కనే అంతే పెద్ద అక్షరాలతో, 40 డిగ్రీల ఎండలో అవి ఎన్ని నిమిషాలు ఉంటాయో కూడా వేయించు. స్పీడోమీటర్ ఎంత పెద్దదో, వేడి చూపే ముల్లూ అంత పెద్దది చేయించు. కొనేవాడు షోరూములో ముందు స్టార్ట్ బటన్ కాక, వంగి గ్రిల్ వెనక ఎంత చోటు వదిలారో చూసే బుద్ధి ఇప్పించు. ఈ మూడు వరాలూ ఇవ్వలేకపోతే ఒక్కటి చేయి. వచ్చే మే నెలలో కరీంనగర్‌కు వచ్చి, ఆ బోరు బండి పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ ఇంజన్ నడిపి చూపించు. కుర్రాడు తన కంప్రెసర్ ఫిన్నులు ఊదుకున్నాక, నీవీ ఊదిపెడతాడు. కూలి మాత్రం నువ్విచ్చుకో.